ఉరకలు వేసే కుర్ర కుక్కకు అజిలిటీ శిక్షణ: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పద్ధతి ఎంచుకోవాలి

ఒకచోట నిలకడగా కూర్చోలేని, ఎంత తిప్పినా అలసట ఎరుగని కుర్ర కుక్క ఇంట్లో ఉంటే, దాన్ని అజిలిటీలో, అంటే వరుసగా అమర్చిన అడ్డంకులను కుక్క వేగంగా దాటే ఆటలో, చేర్చమని ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. సలహా మంచిదే. అయితే ఆ మాట విన్న వెంటనే చాలామంది అడిగేది అడ్డంకులు ఎక్కడ దొరుకుతాయి, దూకడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చు అని. దూకడం, పరిగెత్తడం ఆ కుక్కకు పుట్టుకతోనే వచ్చాయి, వాటిని ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. నేర్పవలసింది అంత వేగంలోనూ యజమాని మాట చెవికెక్కించుకోవడం, ఆగమంటే ఆగడం, తన వెనక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలుసుకోవడం. క్లబ్బా, ఇల్లా, విడిగా ఒక శిక్షకుడా, ఆన్‌లైన్ కోర్సా అని తేల్చుకునేటప్పుడు నేను పెట్టుకునే కొలమానం ఒక్కటే: ఈ మూడింటిని ముందుగా, గట్టిగా నేర్పే దారి ఏది?

ఈ కొలమానం ఎందుకో అర్థం కావాలంటే ఆట స్వరూపం కొంత తెలియాలి. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, ప్రధాన పోటీల మధ్య విరామంలో ప్రేక్షకులను అలరించడానికి గుర్రాల జంపింగ్ పోటీని అనుకరిస్తూ ఈ ఆటను తొలిసారి ఆడించారు. 1980 నాటికి బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని పోటీ క్రీడగా గుర్తించింది. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల ప్రకారం ఒక కోర్సులో 15 నుంచి 22 వరకు అడ్డంకులు ఉంటాయి: జంప్‌లు, టన్నెల్, టైరు, రెండు పలకలను పైన కలిపి వాలుగా నిలిపిన ఏ-ఫ్రేమ్, డాగ్ వాక్ అనే ఎత్తైన సన్నని వంతెన, సీ-సా అనే తూగే పలక, వరుసగా పాతిన కర్రల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ సాగే వీవ్ పోల్స్ వంటివి. వాటి వరుసను న్యాయనిర్ణేత ప్రతిసారీ కొత్తగా కూరుస్తారు. హ్యాండ్లర్, అంటే కుక్కను నడిపించే మనిషి, ముందుగా కుక్క లేకుండా నడిచి దారిని గుర్తుపెట్టుకుంటాడు. కుక్కకు మాత్రం పరుగు మొదలయ్యేదాకా ఆ దారి తెలియదు. బరిలో లీష్ ఉండదు, చేతిలో తిండి ఉండదు, కుక్కను తాకకూడదు. గొంతు, చేయి, భుజాల దిశ, అడుగుల తీరు, ఇవే ఆధారం. మనిషి వైపు చూడని కుక్క ఎంత చురుకైనదైనా మూడో అడ్డంకి దగ్గరే దారి తప్పేది ఇందుకే.

వయసు, ఎముకలు

ఎంపికలన్నిటి కంటే ముందు తేల్చుకోవలసింది కుక్క శరీరం ఎంతవరకు సిద్ధంగా ఉందన్నది. ఎదిగే కుక్కల కాళ్ల ఎముకల కొసల్లో గ్రోత్ ప్లేట్లు అనే మృదులాస్థి పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అవి గట్టిపడి మూసుకునేదాకా ఆ చోటు ఎముక మొత్తంలోనూ బలహీనంగా ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే కాలు వంకరగా ఎదిగే ప్రమాదం ఉంది. చిన్న జాతుల్లో ఇవి సుమారు 9 నుంచి 12 నెలల్లోపు మూసుకుంటాయి. పెద్ద జాతుల్లో 14 నుంచి 18 నెలలు పట్టవచ్చు, భారీ జాతుల్లో ఇంకా ఆలస్యం కావచ్చు. ఎదుగుదల పూర్తికాకముందే సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన కుక్కల్లో ఈ మూసుకోవడం మరికొంత వెనకపడుతుంది. పైకి చూసి దీన్ని అంచనా వేయలేం. ఎక్స్-రే ఒక్కటే కచ్చితంగా చెబుతుంది, అది తీయించేటప్పుడే తుంటి కీళ్లను కూడా చూపించుకుంటే హిప్ డిస్ప్లేసియా అనే తుంటి కీలు సరిగా అమరని లోపం ఉందో లేదో ముందే తెలుస్తుంది.

పోటీ నిర్వాహకులు వయసు హద్దులు పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఎఫ్‌సీఐ, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 18 నెలలు నిండిన కుక్కలనే పోటీకి అనుమతిస్తాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ హద్దు 15 నెలలు. ఈ అంకెలు పోటీకి సంబంధించినవి. శిక్షణను అంతదాకా వాయిదా వేయమని వీటి అర్థం కాదు. నాలుగైదు నెలల పిల్లకు కూడా నేర్పదగినవి చాలా ఉన్నాయి. పేరు పిలిస్తే తిరిగి చూడడం, చేతిని ముక్కుతో తాకడం, స్తంభం చుట్టూ తిరిగి రావడం, నేలమీద పరిచిన పలకపై నడవడం, పొట్టి టన్నెల్ గుండా రావడం, పిలిచేదాకా కూర్చున్నచోటే ఉండడం, వీటిలో ఎత్తు అన్న ప్రసక్తే లేదు. ఎదుగుదల పూర్తయ్యేదాకా జంప్ కడ్డీని నేలమీదే ఉంచాలి, మహా అయితే ముందు కాలి మణికట్టు ఎత్తుకు మించనివ్వకూడదు. వీవ్ పోల్స్‌లో వెన్ను పదేపదే మెలికలు తిరుగుతుంది కనుక దాన్నీ ఆ తర్వాతే పూర్తి స్థాయిలో చేయించాలి. పూర్తి ఎత్తు ఏ-ఫ్రేమ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

క్లబ్ తరగతి

ఎక్కువమంది మొదట తొక్కే గడప క్లబ్బుదే. దాని ప్రధాన లాభం పరికరాలు. ప్రమాణాలకు తగ్గ డాగ్ వాక్ 120 నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, దాని ఒక్కో పలక మూడున్నర మీటర్లకు పైబడే ఉంటుంది. ఇటువంటిదాన్ని ఇంటి ఆవరణలో పెట్టుకోవడం అందరికీ కుదరదు. రెండో లాభం పక్క కుక్కల సమక్షం. పోటీలో ఎలాగూ అరుపులు, పరుగులు చుట్టూ ఉంటాయి కనుక ఆ సందడిలో పనిచేయడం ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోక తప్పదు. మూడోది, మీ చేయి ఆలస్యంగా లేచిందని, మీ భుజం తప్పు దిక్కుకు తిరిగిందని అక్కడికక్కడే చెప్పే మనిషి ఉండడం. కుక్క తప్పులుగా కనిపించే వాటిలో చాలావరకు హ్యాండ్లర్ శరీరం ఇచ్చిన తప్పుడు సంకేతాలే.

అయితే మన కుక్క అసలే ఉద్రేకం ఎక్కువున్న కుర్రది. క్లబ్ తరగతిలో ఒక్కో కుక్కకు దొరికే పని సమయం తక్కువ, వేచి ఉండే సమయం ఎక్కువ. ముందు వరుసలో మరో కుక్క టన్నెల్‌లోకి దూసుకెళ్తుంటే, లీష్ చివర నిలబడి చూస్తున్న మన కుక్క గుంజుతుంది, మొరుగుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. అది ఆ గంటలో ఎక్కువసేపు సాధన చేసింది గుంజడం, మొరగడమే అవుతుంది. మంచి శిక్షకులు దీన్ని ఎరిగి, వంతు రాని కుక్కలను తెర వెనక క్రేట్‌లోనో, వాహనంలో నీడపట్టునో విశ్రాంతిగా ఉంచమంటారు. కొందరు వేచి ఉండడాన్నే ఒక పాఠంగా నేర్పుతారు. ఈ ఏర్పాటు ఉందా లేదా అన్నది క్లబ్ పరికరాలు ఎంత కొత్తవన్న దానికంటే ఎన్నో రెట్లు ముఖ్యం.

తరగతిని ఎంచుకునే ముందు కుక్కను ఇంట్లో వదిలి ఒక్కసారి వెళ్లి కూర్చుని చూడండి. కొత్తవారి తరగతిలో జంప్ కడ్డీలు ఏ ఎత్తులో ఉన్నాయి? ఆరేడు నెలల కుక్కలు అక్కడ ఏం చేస్తున్నాయి? భయపడిన కుక్కను లీష్‌తో లాగి డాగ్ వాక్ మీదికి ఎక్కిస్తున్నారా, లేక పలకను నేలకు దించి మళ్లీ మొదటినుంచి నేర్పుతున్నారా? మెడ బిగుసుకునే గొలుసులు, ముళ్ల పట్టీలు ఎక్కడైనా కనిపిస్తున్నాయా? లాగడం, ముళ్ల పట్టీలు, ఎదిగే కుక్కలతో ఎత్తు దూకించడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ క్లబ్ ఎంత దగ్గర్లో ఉన్నా, ఎన్ని కప్పులు గెలిచి ఉన్నా మరోచోటు వెతుక్కోవడమే నయం. సీ-సా మీద ఒకసారి బెదిరిన కుక్కను మళ్లీ మామూలు స్థితికి తేవడానికి పట్టే కాలం, నెమ్మదిగా నేర్పడానికి పట్టే కాలం కంటే చాలా ఎక్కువ.

ఇంటి దగ్గర మొదలుపెట్టడం

పునాది వేయడానికి ఇంటిని మించిన చోటు లేదన్నది నా నిశ్చితాభిప్రాయం. అక్కడ అలజడి తక్కువ, ఖర్చు దాదాపు ఉండదు, రోజులో రెండు మూడుసార్లు నాలుగైదు నిమిషాల చొప్పున చేయించవచ్చు. కుర్ర కుక్కల ఏకాగ్రతకు వారానికి ఒక గంట తరగతి కంటే ఈ చిన్న చిన్న విడతలే బాగా సరిపోతాయి. వెనక కాళ్ల స్పృహ నేర్పే అభ్యాసాన్నే తీసుకోండి. చాలా కుక్కలకు తమ శరీరం భుజాల దగ్గరే ముగుస్తుందన్నట్టు ఉంటుంది, ముందు పాదాలు వెళ్లిన చోటికి వెనకవి ఎలాగో వచ్చి చేరతాయి. ముందు రెండు పాదాలు మాత్రమే పట్టేంత గట్టి పీటను, జారకుండా అడుగున రబ్బరు వేసి, గది మధ్యలో పెట్టండి. కుక్క ముందు పాదాలు దానిమీద పెట్టగానే ట్రీట్ ఇవ్వండి. అది స్థిరపడ్డాక, మీరు దాని ముఖానికి ఎదురుగా నిలబడి పక్కకు ఒక అడుగు వేయండి. మొదట్లో అది మెడ మాత్రమే తిప్పుతుంది. ఓపిక పట్టి మరో అరడుగు జరిగితే, మెడ ఇక తిరగలేని చోట వెనక కాలు ఒకటి నేలమీద కొద్దిగా పక్కకు కదులుతుంది. సరిగ్గా ఆ కదలిక క్షణంలోనే క్లిక్కర్ అనే క్లిక్‌మని చప్పుడు చేసే చిన్న పరికరాన్ని నొక్కి ట్రీట్ ఇవ్వాలి. క్షణం ఆలస్యమైతే మెడ తిప్పినందుకే బహుమతి వచ్చిందని అది అనుకుంటుంది. కొన్ని రోజుల్లో ముందు పాదాలు పీటమీద స్థిరంగా ఉంచి, వెనక కాళ్లతో పీట చుట్టూ పూర్తిగా తిరుగుతుంది. తర్వాత సన్నని డాగ్ వాక్ మీద వెనక కాలు జారకుండా కాపాడేది ఈ స్పృహే.

ఇంటి శిక్షణలో లోపం కూడా దాని ఏకాంతంలోనే ఉంది. మీ తప్పును చూసి చెప్పేవారు ఉండరు. నిశ్శబ్దమైన గదిలో చక్కగా చేసే కుక్క బయట మైదానంలో అంతా మరిచిపోవచ్చు. పైగా ఉత్సాహం కొద్దీ ఇంట్లోనే ఏ-ఫ్రేమ్, సీ-సా తయారుచేయించేవారు ఉంటారు. కొలతలు కుదరని, ఊగే, జారే పరికరం కుక్క కీళ్లకూ ధైర్యానికీ ముప్పే. ఎక్కవలసిన పరికరాలేవీ ఇంట్లో వద్దు. కొనదలిస్తే ఒక టన్నెల్, రెండు జంప్‌లు చాలు. టన్నెల్ వ్యాసం 60 సెంటీమీటర్లు ఉండాలి, కుక్క లోపల మలుపు తిరిగేటప్పుడు అది దొర్లకుండా రెండు వైపులా ఇసుక సంచులు ఆనించాలి. జంప్ కడ్డీ కాలు తగలగానే కింద పడిపోయేలా ఉండాలి తప్ప బిగించి ఉండకూడదు. పాలిష్ రాళ్లు, సిమెంటు గచ్చు మీద పరుగెత్తడం, దూకడం అసలే వద్దు. గడ్డి లేదా రబ్బరు పరచిన నేల కావాలి.

విడి శిక్షకుడు, ఆన్‌లైన్ కోర్సు

ఒక్క కుక్కకే సమయమిచ్చే శిక్షకుడి దగ్గర ఖర్చు ఎక్కువే. కానీ రెండు రకాల కుక్కలకు ఆ ఖర్చు వృథా కాదు. మొదటిది ఇతర కుక్కలను చూడగానే మీదికి ఉరికేది లేదా భయంతో ముడుచుకునేది. గుంపులో దానికి నేర్చుకునే మనసే ఉండదు. రెండోది, ఉద్రేకం తలకెక్కినప్పుడు యజమాని ప్యాంటు, చేతులు కొరికేది. అలాంటి కుక్క అల్లరిది కాదు. తన వేగాన్ని తానే మోయలేకపోతున్నది. ఏ క్షణంలో ఆ గీత దాటుతోందో పక్కన నిలబడి చూసే అనుభవజ్ఞుడి కన్ను అక్కడ అవసరం.

ఆన్‌లైన్ కోర్సులకు ఒకప్పుడు ఉన్న చిన్నచూపు ఇప్పుడు తగదు. మంచి క్లబ్ అందుబాటులో లేనివారికి గొప్ప శిక్షకుల పద్ధతులు ఇంటికే వస్తాయి, పాఠాన్ని వెనక్కి తిప్పి ఎన్నిసార్లయినా చూడవచ్చు. కాకపోతే ఇక్కడ రెండు రకాలున్నాయి. కేవలం వీడియోలు చూపించి వదిలేసే కోర్సు పుస్తకం చదువుకోవడంతో సమానం. మీరు పంపిన వీడియోను చూసి తప్పొప్పులు చెప్పే కోర్సు మాత్రం నిజమైన శిక్షణే. ఫోన్‌ను నడుము ఎత్తున, పక్కనుంచి మీరూ కుక్కా ఇద్దరూ పూర్తిగా కనిపించేలా నిలిపి తీయగలిగితేనే ఈ దారి ఎంచుకోండి. కుక్క ఒక్కటే కనిపించే వీడియోలో మీ భుజాలు ఏం చెప్పాయో ఎవరూ కనిపెట్టలేరు.

ఈ నాలుగింటిలో ఒకదాన్నే పట్టుకోవలసిన పని లేదు. కుర్ర, చురుకైన, ఆరోగ్యంగా ఉన్న సగటు కుక్క విషయంలో నేను సూచించే వరుస ఇది: ముందు కొన్ని నెలలు ఇంటి పునాది, వీలైతే వీడియో చూసి సరిదిద్దే ఆన్‌లైన్ కోర్సు తోడుగా; నడుమ రెండు మూడుసార్లు విడి శిక్షకుడి దగ్గర పరీక్షించుకోవడం; ఆ తర్వాతే క్లబ్. క్లబ్‌కు సిద్ధమైందో లేదో చూడడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కొత్త మైదానానికి తీసుకెళ్లి, కాస్త దూరంలో మరో కుక్క పనిచేస్తుండగా, పేరు పిలవండి. వెంటనే తిరిగి చూసి, ట్రీట్‌ను మామూలుగా తిని, చెప్పిన చిన్న పని చేస్తే అది సిద్ధంగా ఉన్నట్టే. ఇంట్లో ప్రాణం పెట్టే ట్రీట్‌ను అక్కడ ముట్టకపోయినా, చేతిని కొరికినట్టు లాక్కున్నా దూరం పెంచాలి, ఇంకొన్ని వారాలు ఆగాలి. మొదటినుంచీ ప్రశాంత స్వభావం ఉన్న కుక్క, దగ్గర్లోనే మంచి క్లబ్ ఉన్నవారు నేరుగా పునాది తరగతిలో చేరినా నష్టం లేదు.

తిండా, ఆట వస్తువా

బహుమతిగా తిండి మంచిదా, లాగే తాడు లేదా బంతి మంచిదా అన్న వాదన ఈ రంగంలో ఎప్పుడూ ఉంటుంది. తిండి ఉద్రేకాన్ని తగ్గిస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ, కచ్చితంగా ఆ పాదం పక్కనే పెట్టవచ్చు. ఆట వస్తువు వేగాన్ని పెంచుతుంది, ముందుకు విసిరితే కుక్క చూపు మనిషి ముఖం మీద కాకుండా దారిమీద నిలుస్తుంది. నిదానమైన కుక్కకు ఆట వస్తువు ప్రాణం పోస్తుంది. మన కుర్ర కుక్కకు మాత్రం ఆగడం, నిలబడడం, పలక చివర కాళ్లు పెట్టడం వంటివి తిండితో నేర్పి, టన్నెల్, నేలమట్టపు జంప్‌ల వంటి పరుగు పనులకు ఆట వస్తువు వాడడం మేలు. తాడు నోట పట్టాక ‘వదులు’ అంటే వదలడం రానిదే ఆట వస్తువును శిక్షణలోకి తేకండి.

కాంటాక్ట్‌లు: ఆపి దించడమా, పరుగున దించడమా

ఏ-ఫ్రేమ్, డాగ్ వాక్, సీ-సా అంచుల దగ్గర వేరే రంగు వేసిన భాగం ఉంటుంది, దాన్నే కాంటాక్ట్ అంటారు. ఎఫ్‌సీఐ డాగ్ వాక్‌లో దాని పొడవు 90 సెంటీమీటర్లు. దిగేటప్పుడు కనీసం ఒక పాదమైనా అక్కడ పడాలి, పడకపోతే తప్పు. కుక్క పైనుంచే దూకేసి గాయపడకుండా పెట్టిన నియమమిది. దీన్ని నేర్పడానికి రెండు ప్రధాన దారులున్నాయి. ఒకటి, వెనక పాదాలు పలకమీద, ముందు పాదాలు నేలమీద ఉంచి, మీరు వదిలేదాకా ఆగడం. రెండోది, ఆగకుండా పరుగు లయలోనే ఆ భాగంలో అడుగు పడేలా నేర్పడం. రెండోది పోటీలో సమయం ఆదా చేస్తుంది, కానీ నేర్పడం చాలా కష్టం. ఎన్నో వారాలపాటు లెక్కకు మిక్కిలి పునరావృత్తులు, పూర్తి పరికరం నిత్యం అందుబాటులో ఉండడం, ప్రతి అడుగూ పట్టే కన్ను, ఈ మూడూ కావాలి. మొదటి కుక్కతో, వారానికోసారి మాత్రమే పరికరం దొరికే వ్యక్తికి ఆగే పద్ధతే సరైనది. అది మరో మేలు కూడా చేస్తుంది: ఉద్రేకపు కుక్కకు పరుగు మధ్యలో ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది, హ్యాండ్లర్‌కు ముందుకు వెళ్లి నిలబడే వ్యవధి దొరుకుతుంది. ఏ-ఫ్రేమ్ విషయంలో మాత్రం ఒక మినహాయింపు చెప్పాలి. నిటారుగా దిగే పలక చివర వేగంగా వచ్చి చప్పున ఆగినప్పుడు భారమంతా భుజాల మీద పడుతుంది. బరువైన కుక్కలకు, భుజాల నొప్పి చరిత్ర ఉన్నవాటికి దానిమీద ఆపడం పదేపదే సాధన చేయించకూడదు.

సీ-సాలో భయం ఎత్తు వల్ల కంటే చప్పుడు వల్ల, కాళ్ల కింద నేల కదలడం వల్ల పుడుతుంది. అందుకే దాన్ని ఎక్కించే ముందు చప్పుడును ఇష్టపడేలా చేస్తారు. పలక పైకి లేచిన చివర కింద దళసరి దిండు పెట్టి, రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే కదిలేలా అమర్చి, కుక్క పక్కనుంచి వచ్చి ముందు పాదాలతో ఆ చివరను తొక్కితే ట్రీట్ ఇస్తారు. టప్‌మని చప్పుడు, వెంటనే తిండి. కొన్నాళ్లకు అది తనంతట తానే వచ్చి పలకను బాదుతుంది. అప్పుడు దిండును పలచన చేస్తూ పోతారు, చప్పుడు పెరుగుతూ పోతుంది. ఇంతటి ఓపిక చూపే శిక్షకుడు దొరికితే ఆయనను వదులుకోకండి.

వీవ్ పోల్స్

కర్రల మధ్య దూరం 60 సెంటీమీటర్లు, ఎఫ్‌సీఐ పోటీలో కర్రలు 12. మొదటి కర్ర ఎప్పుడూ కుక్క ఎడమ భుజం పక్కగా రావాలి. కర్రలను రెండేసి చొప్పున అమర్చి, ఏ కోణం నుంచి వచ్చినా సరైన సందులోకి దూరడాన్ని ముందు నేర్పే పద్ధతి ఒకటి. కర్రలను రెండు వరుసలుగా ఎడంగా పాతి, మధ్య దారి గుండా నేరుగా పరిగెత్తించి, వారాల మీద ఆ దారిని ఇరుకు చేస్తూ పోయే చానెల్ పద్ధతి మరొకటి. ఉత్సాహం ఎక్కువై చూడకుండా దూసుకెళ్లే కుక్కకు మొదటిదే మంచిది, ఎందుకంటే అది ప్రవేశాన్ని ఆలోచించి వెతుక్కోవడం నేర్పుతుంది. పొరపాటు జరిగితే నిరుత్సాహపడి ముక్కుతో నేల వాసన చూసుకుంటూ తిరిగే సున్నితమైన కుక్కకు చానెల్ పద్ధతి తేలిక, అందులో తప్పు చేసే అవకాశమే తక్కువ. కర్రల పక్కన తీగలు కట్టి దారి చూపే పద్ధతి కూడా ఉంది గాని, తీగలు తీసేశాక కుక్క అయోమయపడడం తరచూ జరుగుతుంది కనుక నేను దాన్ని మొదటి ఎంపికగా చెప్పను.

అజిలిటీయేనా, మరొకటా

అన్ని చురుకైన కుక్కలకూ అజిలిటీ తగినది కాదు. పొడవాటి వెన్ను, పొట్టి కాళ్లున్న డాక్స్‌హుండ్, కోర్గీ వంటి జాతులకు వెన్నుపూసల సమస్య వచ్చే అవకాశం ఎక్కువ కనుక దూకడం విషయంలో పశువైద్యుడి మాట తప్పనిసరి. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు వేడిని తట్టుకోలేవు. తుంటి కీళ్లు బాగాలేని కుక్కను అజిలిటీకి తీసుకురావడం దాన్ని నొప్పిలోకి తోయడమే.

ఇలాంటివాటికి హూపర్స్ మంచి ప్రత్యామ్నాయం. అందులో ఎత్తు దూకే పని లేదు. నేలమీద నిలిపిన వంపు చట్రాల గుండా, టన్నెల్ గుండా, పీపాల చుట్టూ కుక్క పరిగెత్తుతుంది, హ్యాండ్లర్ దూరంగా నిలబడి నడిపించవచ్చు. మోకాళ్ల నొప్పులతో పరిగెత్తలేని యజమానికి కూడా ఇది సరిపోతుంది. ఫ్లైబాల్ మరో రకం: నాలుగు కుక్కల జట్టు రిలేగా నాలుగు అడ్డంకులు దూకి, పెట్టె నుంచి బంతి తీసుకుని వస్తుంది. సరదాగా ఉంటుంది కానీ పెట్టె దగ్గర తిరిగే మలుపులో కాళ్లమీద భారం ఎక్కువ, ఉద్రేకం మరీ ఎక్కువ. అసలే తలకెక్కే స్వభావం ఉన్న కుక్కకు నేను దీన్ని సూచించను. దానికి విరుగుడుగా వాసన పట్టి వెతికే నోస్‌వర్క్ చక్కగా పనిచేస్తుంది. పావుగంట ముక్కుతో వెతికిన కుక్క చాలాసేపు పరిగెత్తినదాని కంటే ప్రశాంతంగా పడుకోవడం ఆ పని చేయించిన యజమానులకు తెలిసిన విషయమే. అజిలిటీ నేర్పుతూనే వారంలో ఒకటి రెండు రోజులు నోస్‌వర్క్‌కు కేటాయిస్తే రెండూ బాగుపడతాయి.

శిక్షణ రోజుల్లో జాగ్రత్తలు

ప్రతి విడతకూ ముందు అయిదారు నిమిషాలు నడిపించి, నెమ్మదిగా పరిగెత్తించి, రెండు వైపులా గుండ్రంగా తిప్పి కండరాలు వెచ్చబడనివ్వాలి. ఒకే అడ్డంకిని వరుసగా పదిసార్లు చేయించకూడదు. మూడు నాలుగుసార్లు బాగా చేసిందంటే అక్కడితో ఆపండి. కుక్క అలసిందని చెప్పే గుర్తులు స్పష్టంగా ఉంటాయి: కడ్డీలు పడగొట్టడం, మలుపులు వెడల్పవడం, ఎప్పుడూ చేసే పనిని ఒక్కసారిగా తిరస్కరించడం. ఆ తిరస్కారాన్ని మొండితనమని అనుకోకండి. ఎక్కువసార్లు దాని వెనక నొప్పి ఉంటుంది, అజిలిటీ కుక్కల్లో భుజాల గాయాలు సాధారణం. గోళ్లు పొడవు పెరిగితే పాదం సరిగా ఆనదు, కాబట్టి వాటిని కత్తిరించి ఉంచాలి. బరువు కూడా అంతే ముఖ్యం. పక్కటెముకలు చేతికి తేలికగా తగలాలి. ట్రీట్‌లు ఇచ్చినంతమేర భోజనం తగ్గించాలి.

ఎక్స్-రేలో ఎదుగుదల పూర్తయిందని పశువైద్యుడు చెప్పాక కూడా కడ్డీని ఒక్కసారిగా పోటీ ఎత్తుకు లేపవద్దు. ఎఫ్‌సీఐ విభాగాల్లో భుజం దగ్గర 48 సెంటీమీటర్లు, అంతకు మించిన కుక్కలు 55 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు దూకాలి. అక్కడికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, ప్రతి మెట్టు దగ్గరా వారం పది రోజులు ఆగుతూ, నెలల మీద చేరుకోవాలి. ఎత్తు పెంచిన రోజున దూకాల్సిన సంఖ్య సగానికి తగ్గించండి. కొత్త ఎత్తులో కడ్డీ పడిపోతుంటే, లేదా దూకడానికి ముందు కుక్క అడుగులు చిన్నవిగా తడబడుతుంటే, మరుసటి విడతలో పాత ఎత్తుకే తిరిగి వెళ్లండి.